శాటిన్ వేసిన మ్యాటు

ఆకుపచ్చ కారు సందు చివర మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా టైలరమ్మ గేటు పట్టుకునే నిలబడింది. కారు చప్పుడు వినిపించినంతసేపూ చెవులు రిక్కించి వింది. అదీ ఆగిపోయాక ఇక తను చెయ్యగలిగింది ఏమీ లేదనిపించి, లోపలికొచ్చి మిషను ముందు కూలబడింది.

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అనే అంటారు. ముందుగదిలో మిషను వేసుకుని ఆడా మగా అందరికీ కుడుతుంది. చేతిపని ఎంత నిదానమో మనిషికి అంత కంగారు. ఆవిడ భర్త నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. డ్యూటీ నుంచి ఆయన కాస్త ఆలస్యమైతే చాలు, ఆవిడ మనసులోనే ఆయన్ని ఆస్పత్రిలో చేర్పించి, కాలికి కట్టు కట్టించి, మంచం మీద పడుకోబెట్టేసేది. ఆయన నిక్షేపంలా వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఊరికే ఏడిపించినందుకు ఆయన మీదే విరుచుకుపడేది.

ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని పిచ్చిక అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ పిచ్చికకి పెళ్ళయి వారం తిరగలేదు. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నెమ్మదస్తుడు, ఒకటి అడిగితే సగం చెప్పే మనిషి. స్నేహితుడి దగ్గర ఒక పాత కారు కొన్నాడు. కొండలు దాటి అవతల సరస్సు దాకా, దారిపొడుగునా ఆగుతూ పోవాలని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. ఆ హనీమూన్ ప్రయాణానికి ఇవాళే మొదటి రోజు.

"రైలుందిగా తల్లీ, సుఖంగా పడుకుని పోవచ్చు" అని టైలరమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. ఎవరూ వినలేదు. వినకపోతే పోనీ, తన జాగ్రత్తలు తను తీసుకుంది.

హోటల్లో తింటే ఏ పాచి కూరో పడి కడుపులు చెడతాయని, తెల్లారకముందే లేచి గుడ్లు ఉడకబెట్టి, బ్రెడ్డు కాల్చి, అరటిపళ్ళతో సహా రోజంతటికీ సరిపడా మూటగట్టింది. వాంతుల బిళ్ళలు మూడు చోట్ల పెట్టింది. ఫోనులో మాట్లాడుతూ నడిపి ఎవరెవరు ఎలా పోయారో ఏకరువు పెట్టి, కారు కదిలినంతసేపూ ఇద్దరి ఫోన్లూ ఆఫ్ చేసి సంచీలో పడేస్తామని ఒట్టు పెట్టించుకుంది.

"నలభై దాటనని కూడా ఒట్టెయ్యండి బాబూ" అంది అల్లుడితో.

"నలభయ్యా? అమ్మా, సైకిలు వాళ్ళు మమ్మల్ని దాటి పోతూ చేతులూపుతారే!" అంది పిచ్చిక.

"ఊపనీ. నువ్వూ ఊపు. నీ చేతులేం అరిగిపోవు."

"హెల్మెట్లు కూడా ఇచ్చెయ్, పెట్టుకుని కూర్చుంటాం."

అల్లుడు మాత్రం నవ్వి, "సరే అత్తయ్యా, నలభయ్యే" అన్నాడు.

చిట్టచివరి జాగ్రత్త మ్యాటు. నిన్న సాయంత్రం కారు లోపలికి తొంగి చూస్తే డ్రైవరు కాళ్ళ దగ్గర రబ్బరు మొత్తం చిరిగిపోయి ఒట్టి రేకు కనబడింది. ఇంజను వేడి అరికాళ్ళకి తగులుతుందేమో, తడి బూటు రేకు మీద సర్రున జారుతుందేమో! ఆ రెండు భయాలూ పట్టుకున్నాక ఇక నిద్రెక్కడిది? రాత్రే కూర్చుని మందమైన పరదా గుడ్డలో దూది కూరి, గళ్ళు గళ్ళుగా కుట్లు వేసి, బొంతలాంటి మ్యాటు ఒకటి తయారుచేసింది. ఆవిడ పనికి ఒక పద్ధతుంది. గుడ్డ పైకి ఎంత ముచ్చటగా ఉంటుందో లోపలివైపూ అంతే ముచ్చటగా ఉండాలి. వెనక దారాలు వేలాడితే ఆవిడకి ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంటుంది. అందుకని పిచ్చిక పెళ్ళి జాకెట్ల లైనింగులో మిగిలిన శాటిన్ ముక్క తీసి అడుగున వేసింది. పొద్దున్నే తనే వంగి, అల్లుడు కాళ్ళు పెట్టే చోట పరిచింది.

అల్లుడు కూర్చుని కాళ్ళు ఆనించి, "మెత్తగా ఉందత్తయ్యా" అన్నాడు. ఆ ఒక్కమాటకి రాత్రి కష్టమంతా మరిచిపోయింది.

కారు కదిలాక భర్త భుజం తట్టాడు. "దాని భయం ఇకనుంచి దాని మొగుడు పడతాడు. నువ్వు కాస్త ఊపిరి పీల్చుకో" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఊపిరి పీల్చుకోవడం ఆవిడకి అలవాటు లేని పని. ఏదో ఒకటి కుడుతుంటే మనసు కుదుటపడుతుందని డ్రైవింగ్ స్కూలు మాస్టారి ప్యాంటు ముందేసుకుంది. అది పూర్తవుతుండగా ఆ మాస్టారే గేటు తోసుకుని వచ్చాడు.

"అక్కగారూ, నా ప్యాంటు బతికుందా?"

"బతికింది. నడుం దగ్గర ఉన్న గుడ్డంతా వదిలేశాను. ఇక మీరు లావైతే నన్నేం చెయ్యమనకండి."

"లావు నేను కాదండీ, నా స్టూడెంట్లు. వాళ్ళు బండి నడుపుతుంటే భయంతో గాలి మింగి మింగి పొట్ట ఇట్లా అయింది." ఆయన నవ్వుతూ కుర్చీ లాక్కున్నాడు. "ఏదీ, పిల్లలు బయల్దేరారా?"

"ఇప్పుడే, ఒక అరగంటైంది." మాస్టారు కార్ల మనిషి కదా, మెచ్చుకుంటాడని మ్యాటు సంగతి చెప్పింది. దూది ఎంత పట్టిందో, గళ్ళు ఎలా వేసిందో చెబుతూ మిగిలిన గుడ్డ తీసి చూపించింది. "మీ కారుకీ ఒకటి కుట్టమంటారా?"

మాస్టారు గుడ్డ వేళ్ళతో నలిపి చూశాడు. "డ్రైవరు వైపు వేశారా?"

"మరి? నడిపేది ఆయనేగా."

"కదలకుండా కొక్కేలేమైనా పెట్టారా?"

"కొక్కేలెందుకండీ, జాకెట్టా ఏంటి?"

"అడుగున ఏం వేశారు, రబ్బరా?"

"రబ్బరు నా దగ్గరెక్కడిది? శాటిన్. నున్నగా, అద్దంలా ఉంటుంది."

మాస్టారి మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ అందులో ప్రాణం పోయింది. ప్యాంటు బల్ల మీద పెట్టేశాడు. ఆ శాటిన్ ముక్కనీ పరదా గుడ్డనీ కలిపి ఉండగా నలిపి, వంగి, కుట్టుమిషను పెడలు కిందకి తోశాడు.

"తొక్కండి" అన్నాడు.

టైలరమ్మ అలవాటుగా కాలు పెట్టి తొక్కింది. పెడలు సగం దాకా దిగి ఆగిపోయింది. ఇంకా గట్టిగా తొక్కింది. కింద గుడ్డ కస్సుమంది తప్ప పెడలు దిగలేదు. ఇన్నేళ్ళుగా తన కాలి మాట వింటున్న పెడలు, మొట్టమొదటిసారి వినలేదు.

ఆవిడ కాలు తియ్యలేదు. దాని మీదే ఉంచి మాస్టారి మొహంలోకి చూసింది. "అది... కార్లో బ్రేకా?"

"నున్నటి అడుగు కదా అక్కగారూ, రేకు మీద జారి ముందుకి పోతుంది. పోయి ముడుచుకుందంటే పెడలు కింద ఇరుక్కుంటుంది." ఆవిడ రంగు మారడం చూసి ఆయన తొందరగా అన్నాడు, "కొండ ఎక్కుతున్నంతసేపూ ఫరవాలేదు. కారు దాని బరువుకదే నెమ్మదిస్తుంది. పైకెక్కాక అవతల దిగుడుంది చూడండి, అక్కడే ప్రతి మలుపులోనూ తొక్కాలి. ఈలోపు ఒక్క ఫోను కొట్టి తీసెయ్యమంటే సరిపోతుంది. కంగారేం లేదు."

ఫోను. టైలరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

అయినా చేసింది. కూతురిది స్విచ్చాఫ్. అల్లుడిది స్విచ్చాఫ్. మళ్ళీ కూతురిది. ఫోనులోని రికార్డు గొంతు ప్రతిసారీ ఒకే మాట, ఒకే మర్యాదతో చెప్పింది.

"నేనే ఒట్టేయించుకున్నాను" అంది ఆవిడ, ఎవరితోనో చెబుతున్నట్టు.

"భోజనానికి ఎక్కడో ఆగుతారుగా, అప్పుడు ఆన్ చేస్తారు."

"ఆగరు. నేనే కట్టిచ్చాను."

భర్తకి చేసింది. పంపుల హోరులో ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"మ్యాటా? మ్యాటు వల్ల ఎవరైనా పోతారుటే?"

"బ్రేకు కింద ఇరుక్కుంటుందటండీ, మాస్టారు చెప్పారు!"

"మాస్టారు ఏదో మాటవరసకి అనుంటాడు, నువ్వు దానికి కాళ్ళూ చేతులూ అతికించావు. మొన్న గ్యాసు లీకని ఫైరింజను పిలిపించావు. తీరా అది పక్కింట్లో గోడలకేసిన రంగుల వాసన, అంతే. ఆ ఫైరింజను డ్రైవరు ఇప్పటికీ నన్ను చూసి ముక్కు మూసుకుంటాడు. పిల్లల్ని ఈ ఒక్కసారికి హాయిగా పోనివ్వవే."

ఆయన తప్పేముంది? ఉత్తుత్తి భయాలతో ఇన్నేళ్ళు ఊదరగొట్టి, నిజం వచ్చేసరికి ఆయన చెవులు తనే మూసేసింది. ఫోను పెట్టేసి మాస్టారి వైపు తిరిగింది.

"మీ కారులో తీసుకెళ్ళండి మాస్టారూ. దిగుడు మొదలయ్యేలోపు పట్టుకోవాలి."

"అరగంట ముందున్నారు అక్కగారూ. నాదేమో స్కూలు బండి. అరవై దాటితే ఒళ్ళంతా వణుకుతుంది."

"వాళ్ళు నలభై దాటరు. ఒట్టు వేయించాను."

మాస్టారు ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, ప్యాంటు చంకలో పెట్టుకుని లేచాడు. "పదండి."

స్కూలు కారు నెత్తి మీద నేర్చుకునేవాళ్ళ బోర్డుంది. డ్రైవరు పక్కసీటు కింద కూడా ఒక బ్రేకుంది, స్టూడెంటు తప్పుచేస్తే మాస్టారు తొక్కడానికి. ఇవాళ మాస్టారు డ్రైవరు సీట్లో ఉన్నాడు గనక ఆ బ్రేకు టైలరమ్మ కాళ్ళకి దక్కింది.

"దాని మీద మాత్రం కాలు పెట్టకండి" అన్నాడాయన. "అది ఉత్తుత్తిది కాదు, నిజంగా పట్టేస్తుంది."

ఆవిడ రెండు పాదాలూ సీటు కిందకి ముడుచుకుంది. ఊరు దాటారు. నెత్తి మీద బోర్డు చూసి ప్రతివాడూ ముందే హారను కొట్టి దాటిపోతున్నాడు. ఒకడు అద్దం దించి, "ఆంటీకి బాగా నేర్పండి మాస్టారూ!" అని అరిచాడు. మామూలు రోజైతే నాలుగు అంటించేది. ఇప్పుడు ఆవిడకి ఆ మాట వినబడలేదు. ఆ కాలు ఒక్కటే కనబడుతోంది. అల్లుడి కాలు, బూటు వేసుకున్న కాలు, మెత్తటి గళ్ళ మ్యాటు మీద. ఆ కాలు ముందుకు జరిగినప్పుడల్లా దాని కింద శాటిన్ కూడా చడీచప్పుడు లేకుండా కాస్త జరుగుతోంది. పెళ్ళి జాకెట్ల లైనింగు. గులాబీ రంగు. తనే ఏరి కొన్నది.

ఎక్కడెక్కడి చావులో ఊహించి, దారులన్నీ మూసుకుంటూ వచ్చింది. కడుపునొప్పి రాకుండా హోటలు మూసింది. మాటల్లో పడకుండా ఫోను మూసింది. తీరా చావుని మాత్రం తన చేత్తో కుట్టి, తనే వంగి పరిచింది.

"ఏదో ఒకటి మాట్లాడండి మాస్టారూ. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"మీ అల్లుడు లిఫ్టులు చూస్తాడన్నారుగా. పైనుంచి కిందకి దిగే వాటితోనే ఆయన పని. తెలివిగా ఉంటాడు."

"లిఫ్టుకి మలుపులుండవు కదండీ" అంది ఆవిడ.

ముందు రోడ్డు మీద జనం గుంపు కనబడింది. లారీ ఒకటి పక్కకి ఒరిగి ఉంది. గుంపు కాళ్ళ సందుల్లోంచి చూస్తే, లారీ ముక్కు దగ్గర, నేల మీద ఆకుపచ్చగా ఏదో నలిగి పడి ఉంది.

టైలరమ్మ అరిచిందో లేదో ఆవిడకే తెలియదు. రెండు కాళ్ళూ ఎత్తి ఆ బ్రేకు మీద వేసేసింది. కారు నిలువునా ఆగింది. మాస్టారి పొట్ట స్టీరింగుకి కొట్టుకుంది. వెనక వ్యాను కీచుమంటూ ఆగి, హారనుతో తిట్లు మొదలెట్టింది.

"పట్టాండీ!" అన్నాడు మాస్టారు గుండె పట్టుకుని. "అక్కగారూ, అది పట్టా! లారీ మీద కప్పే పట్టా! చూడండి!"

చూసింది. ఆకుపచ్చ పట్టాయే. రోడ్డంతా ప్లాస్టిక్ కుర్చీలు చెల్లాచెదురుగా పడున్నాయి. జనం ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఒక పెద్దాయన రోడ్డు మధ్యలోనే కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, ఏరేవాళ్ళకి సలహాలిస్తున్నాడు.

మాస్టారు అద్దం దించి అడిగితే, ముందెవరో అడ్డమొస్తే లారీవాడు గట్టిగా బ్రేకు కొట్టాడని, తాళ్ళు తెగి కుర్చీలన్నీ రోడ్డు మీద పడ్డాయని, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పారు.

టైలరమ్మ కాళ్ళు ఇంకా బ్రేకు మీదే ఉన్నాయి. ఎంత నిక్కచ్చిగా దిగిందది! తొక్కిన వెంటనే, అడుగంటా. బ్రేకంటే ఇలా దిగాలన్నమాట. అక్కడ ఆ కాలి కింద ఇలా దిగదు.

"కాళ్ళు తీస్తే పోదాం" అన్నాడు మాస్టారు మెల్లిగా.

కొండ మొదట్లో పెట్రోలు బంకుంది. మాస్టారు కారు పక్కకి తీసి, పెట్రోలు పట్టే కుర్రవాణ్ణి అడిగాడు. ఆకుపచ్చ కారు, వెనకద్దం మీద కొత్త జంట అని కాగితం అంటించి ఉంటుంది.

ఆ కుర్రవాడు పకపకా నవ్వాడు. "వెనకాల లారీలన్నీ ఊరేగింపులా వస్తుంటే నలభైలో పోయిన బండేనా? ఇందాకే పైకెక్కారు. చాలాసేపు ఇక్కడే ఆగారు. ఆ అమ్మాయి కెమెరాతో ఫొటోలే ఫొటోలు. ఆయన మాత్రం మొహం పాలిపోయి, రెండు సీసాల నీళ్ళు గటగటా తాగాడు."

"జ్వరమా?" అంది టైలరమ్మ అద్దంలోంచి.

"ఏమోనమ్మా, కొత్త పెళ్ళికొడుకు కదా, భయమేమో" అని వాడు మళ్ళీ నవ్వాడు.

నలభైలోనే పోయారు! ఒక్క క్షణం ఆవిడ గుండె కుదుటపడింది. మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరూ చూడని చోట కూడా ఒట్టు నిలబెట్టుకున్న మనిషి. అత్తగారు నలభై అంటే నలభయ్యే. మరి అలాంటివాడు అత్తగారు పరిచిన మ్యాటు తీస్తాడా? ఇరుక్కుంటున్నా, ఆవిడ బాధపడుతుందని కాళ్ళ కిందే ఉంచుకుంటాడు.

"పోనివ్వండి మాస్టారూ. వణికితే వణకనీ, పోనివ్వండి."

కొండ దారి మెలికలు తిరుగుతూ ఎక్కింది. ఒకవైపు రాయి, ఇంకోవైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేని వైపు చూడకూడదనుకుంటూనే ప్రతి మలుపులోనూ చూసింది, రెయిలింగు ఎక్కడైనా విరిగి ఉందా అని. ఒకచోట నిజంగానే విరిగి ఉంది. విరిగిన చోట తుప్పు పట్టి ఉంది. పాతది. తుప్పుని చూసి ఇంత సంతోషపడిన మనిషి ఆ దారిలో మరొకరు ఉండరు.

పైకెక్కేసరికి రోడ్డు పక్కన చదునుచేసి, జనం ఆగి లోయ చూసుకోవడానికి జాగా విడిచిపెట్టారు. అవతలి పక్క దిగుడు మొదలవుతుంది. ఆ జాగాలో, ఓ చివర, ఆకుపచ్చ కారు ఆగి ఉంది.

మాస్టారు పూర్తిగా ఆపకముందే టైలరమ్మ దిగేసింది. కార్లో ఎవరూ లేరు. డ్రైవరు వైపు అద్దానికి రెండు చేతులూ ఆనించి లోపలికి చూసింది. పెడళ్ళ కింద ఒట్టి రేకు. మ్యాటు లేదు.

మ్యాటు లేదు. మరి మనుషులేరి? ఆవిడ రెయిలింగు వైపు తిరిగింది. అక్కడా ఎవరూ లేరు. కారు తలుపు పట్టుకుంది.

"అమ్మా?"

వెనక నుంచి వచ్చింది గొంతు. టీ కొట్టు దగ్గర్నుంచి పిచ్చిక, చేతిలో గ్లాసుతో, నోరు తెరుచుకుని వస్తోంది.

"అమ్మా! హనీమూనుకి కూడా వచ్చేశావా?"

టైలరమ్మ కూతుర్ని పట్టుకుని భుజాలు, చేతులు, తల తడిమి చూసింది. టీ ఒలికిపోయింది.

"ఏమైందే? నాన్నకి బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారు. నేను... వాంతుల బిళ్ళలు ఇవ్వడం మరిచిపోయాను."

"మూడు చోట్ల పెట్టావు కదే! ఆయన చొక్కా జేబులో కూడా ఉన్నాయి!" పిచ్చికకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. నవ్వే గెలిచింది. "మాస్టారూ, మీరైనా చెప్పొద్దూ? బిళ్ళల కోసం ఇంత కొండెక్కించారా?"

"మీ అమ్మగారికి ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిదమ్మా" అన్నాడు మాస్టారు, స్టీరింగు తగిలిన పొట్ట రుద్దుకుంటూ.

అప్పటికి అల్లుడూ వచ్చాడు. అత్తగారిని చూసి, ఆవిడ నిలబడింది తన కారు డ్రైవరు తలుపు దగ్గరేనని చూసి, అక్కడే ఆగిపోయాడు.

"అమ్మా, నువ్వు వచ్చిన దారిలో కుర్చీల లారీ చూశావా?" పిచ్చిక చేతులూపుతూ చెప్పుకుపోతోంది. "మా ముందే పడ్డాయి! సరిగ్గా మా ముందు! లారీ టక్కున ఆగింది, కుర్చీలు వానలా కురిశాయి. ఈయన చూడూ, సినిమాలోలా, రయ్యిమని పక్కకి కోసి, మట్టిలోకి దించి, హ్యాండు బ్రేకు లాగి అలా గుండ్రంగా తిప్పి ఆపారు! నేను ఇంకోసారి చెయ్యమన్నాను. చెయ్యరట!"

టైలరమ్మ అల్లుడి మొహం చూసింది. ఆ కళ్ళలో ఉన్నదేమిటో ఆవిడకి బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా అద్దంలో చూసుకుంటున్నదే.

"మ్యాటు బాగుందా బాబూ?" అంది.

"చాలా మెత్తగా ఉందత్తయ్యా" అన్నాడు అతను వెంటనే.

పిచ్చిక మాస్టారికి టీ ఇప్పిస్తానని కొట్టు వైపు తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి దూరం వెళ్ళేదాకా టైలరమ్మ ఆగింది.

"అబద్ధమాడకండి బాబూ. అది మిమ్మల్ని చంపబోయింది. నాకు తెలిసే వచ్చాను."

అల్లుడు తల దించుకున్నాడు. "బయల్దేరిన కాసేపటికే జరుగుతోందని తెలిసింది. కాలితో వెనక్కి లాక్కుంటూ నడిపాను. లారీ ఆగినప్పుడు తొక్కితే... దిగలేదు."

"తీసి పారెయ్యకపోయారా!"

"మీరు రాత్రంతా మేలుకుని కుట్టారు. తీసేస్తే బాధపడతారని." అతను డిక్కీ వైపు చూపించాడు. "ఇప్పుడు సామాన్ల అడుగున ఉంది. తనకి తెలియదు. సరదా అనుకుంటోంది. తెలిస్తే ఇక ఈ కారెక్కదు, మళ్ళీ మీరు కుట్టింది ఏదీ..." సగం చెప్పి ఆపేశాడు.

టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంకెప్పుడైనా ఇలాంటిది వస్తే నన్ను బాధపెట్టండి బాబూ. బాధపడి బతుకుతాను. మీరిద్దరూ లేకపోతే బతకను."

"అలాగే అత్తయ్యా."

"అలాగే అనకండి. బాధపెడతానని చెప్పండి."

"బాధపెడతాను."

పిచ్చిక తిరిగి వచ్చింది. "ఏంటి, నా మీద చాడీలా? ఇదిగో అమ్మా, ఈ సంగతి మా అత్తగారింట్లో తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది. బిళ్ళల డబ్బా పట్టుకుని మా అమ్మ కొండెక్కిందని ఏడాది పొడుగునా నవ్వుతారు. నాన్నకైతే ఇవాళ రాత్రే చెప్తాను. నీ భయాలకి ఒక అంతూ పొంతూ ఉండాలే!"

టైలరమ్మకి అసలు సంగతి నోటిదాకా వచ్చింది. జన్మలో మొదటిసారి నా భయం నిజమైందే తల్లీ, ఇదిగో, మీ ఆయన్నడుగు, అని అరిచి చెప్పాలనిపించింది. ఇన్నాళ్ళూ వేళాకోళం చేసిన ప్రతివాడి ముందూ ఆ మ్యాటు పరిచి చూపించాలనిపించింది. ఎదురుగా పిచ్చిక మొహం ఎండలో మెరుస్తోంది. అందులో భయమనే మాటే లేదు. తన కడుపున పుట్టి అంత నిర్భయంగా ఎలా తయారైందో!

"ఉండాలి, ఉండాలి" అంది టైలరమ్మ. "ఏం చెయ్యను, పుట్టుకతో వచ్చింది. నవ్వుకోండి."

వెళ్ళబోతూ అల్లుడు కారు స్టార్టు చేశాడు. ఆవిడ కిటికీ దగ్గరకి వంగింది. "ఫోన్లు ఆన్‌లో పెట్టుకోండి. ఆ ఒట్టు తీసేస్తున్నాను. నేను చెయ్యను, చేరాక మీరే చెయ్యండి."

"నలభై ఒట్టు కూడా తీసెయ్యొచ్చుగా!" అంది పిచ్చిక.

"నలభై మాత్రం నలభయ్యే."

కారు కదిలి దిగుడులోకి వంగింది. మాస్టారు పదమన్నట్టు చూశాడు కానీ ఆవిడ రెయిలింగు దగ్గరకి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి దారి మొత్తం కనబడుతుంది, ఒకదాని కింద ఒకటిగా మలుపులన్నీ. ఆకుపచ్చ కారు మొదటి మలుపు వైపు జారుతోంది. టైలరమ్మ రెయిలింగు బిగించి పట్టుకుంది. తెలియకుండానే కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

మలుపు దగ్గర కారు వెనక రెండు ఎర్రదీపాలు వెలిగాయి. కారు నెమ్మదించింది, తిరిగింది.

ఆవిడ ఊపిరి వదిలింది. రెండో మలుపు దగ్గర మళ్ళీ బిగపట్టింది. దీపాలు వెలిగాయి. మూడోదానికి కారు కాస్త వేగంగా పోతున్నట్టనిపించి మళ్ళీ కుడికాలితో నేలని తొక్కింది. ఆ తర్వాత అక్కడా దీపాలు వెలిగాయి.

"టీ చల్లారిపోతోంది అక్కగారూ" అన్నాడు మాస్టారు వెనకనుంచి.

"ఉండండి మాస్టారూ, ఇంకా మలుపులున్నాయి" అంది ఆవిడ, కళ్ళు తిప్పకుండా.